పారిపోవడానికి చోటు

ఏలూరులో ఏ పిల్లల డాక్టరు దగ్గర టోకెన్ తీసుకుని కూర్చున్నా ఎదురుగా గాజు తొట్టి ఒకటి ఉంటుంది. వాస్తు చూసేవాళ్లు ఈశాన్యంలో పెట్టమంటారు. డాక్టర్లేమో ఏడ్చే పిల్లలు కాస్త ఊరుకుంటారని పెడతారు. ఇద్దరి నమ్మకమూ ఒకటే: చేపలు ప్రశాంతమైనవి. చప్పుడు చెయ్యవు, కరవవు, ఒకరి జోలికి పోవు. మంచినీళ్ల చేపల సంగతి కాసేపు పక్కన పెడదాం. సముద్రంలో పగడపు దిబ్బల మీద బతికే రెండంగుళాల రంగుల చేపలున్నాయే, అవి మాత్రం ఈ నమ్మకానికి బొత్తిగా పనికిరావు. వాటిలో సగానికి సగం రౌడీలు.

మా పెద్దమ్మగారి అబ్బాయి తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేస్తాడు. పగలంతా లారీలు, బస్తాలు, కాటాలు. రాత్రి ఇంటికొచ్చి స్నానం చేసి హాల్లో ఉప్పునీటి తొట్టి ముందు కూర్చుంటాడు. నాలుగడుగుల తొట్టి, సుమారు 250 లీటర్ల నీళ్లు. లీటరుకి 35 గ్రాముల లెక్కన ఒకసారి నింపాలంటే తొమ్మిది కిలోల దాకా సముద్రపు ఉప్పు పొడి కలపాలి. ఆ పొడి వంటింటి ఉప్పు కాదు, దాని ధర వేరు. చేపలు చెన్నై కొళత్తూరు నుంచి ఆక్సిజన్ నింపిన కవర్లలో రైల్లో వస్తాయి. మేలో కరెంటు పోతే ఇంట్లో మనుషుల సంగతి తరవాత, ముందు ఈ తొట్టికి బ్యాటరీ పంపు తగిలించి, గడ్డకట్టిన నీళ్ల సీసా ఒకటి తేలేస్తారు. వదిన దీని మీద ఏమనుకుంటుందో ఇక్కడ రాస్తే నాకు మళ్లీ ఆ ఇంట్లో కాఫీ దొరకదు.

ఆ తొట్టిలో డామ్సెల్ కుటుంబపు చేప ఒకటి ఉంది, పేరు డొమినో. నల్లటి ఒంటి మీద మూడు తెల్ల చుక్కలు: నుదుట ఒకటి, రెండు పక్కలా ఒక్కోటి. కొన్నప్పుడు బొటనవేలి గోరంత ఉంది, ముచ్చటేసి కొన్నాడు. పెరిగేకొద్దీ చుక్కలు మాసిపోతున్నాయి, కోపం మాత్రం మాయడం లేదు. దాంతో పాటు లేత ఆకుపచ్చ రంగులో మెరిసే క్రోమిస్ చేపలు అరడజను తెచ్చాడు. గుంపుగా తిరిగే జాతి కదా, గుంపుగా ఉంటే బాగుంటుందని. మొదట్లో బాగానే ఉన్నాయి. తరవాత ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చి రెండు మిగిలాయి. ఉప్పునీటి తొట్లు పెట్టుకున్నవాళ్లలో ఈ క్రోమిస్ లెక్క తెలియనివాళ్లుండరు. ఆరు తెస్తే అయిదు, అయిదు నాలుగు, చివరికి ఒకటి.

ఒక రాత్రి లైటు నీలం రంగులోకి మారాక దగ్గరగా కూర్చుని చూశాను. మిగిలిన రెండింట్లో చిన్నది హీటరు వెనక, గాజుకీ గొట్టానికీ మధ్య సందులో నిలబడి ఉంది. తోక చివర చిరిగి దారాలు వేలాడుతున్నాయి. అది సందులోంచి అంగుళం బయటికొస్తే చాలు, డొమినో తొట్టి ఆ చివరి నుంచి రివ్వున వచ్చి ముక్కు ముందు ఆగుతుంది. కరవదు. ఆగి, రెక్కలన్నీ విప్పి, పక్కకు తిరిగి తన ఒళ్లంతా చూపిస్తుంది. చిన్నది మళ్లీ సందులోకి. డొమినో వెనక్కి వెళ్లి మేత ముక్క ఒకటి తిని, మళ్లీ అటే చూస్తుంది. ఈ జాతి చేపలు బెదిరించేటప్పుడు టక్కుటక్కుమని చప్పుడు కూడా చేస్తాయి. గదిలో ఫ్యాను తిరుగుతుంటే మనకి వినపడదంతే.

ఈ గొడవని శ్రద్ధగా చూసి పుస్తకం రాసిన పెద్దమనిషి ఒకరున్నారు, కోన్రాడ్ లోరెంజ్. ఆస్ట్రియా దేశస్థుడు, 1973లో నోబెల్ వచ్చింది. 1938లో నాజీ పార్టీలో చేరిన మనిషి కూడా ఆయనే, కాబట్టి దౌర్జన్యం గురించి ఆయన చెప్పే ప్రతి మాటనీ ఒకటికి రెండుసార్లు తిప్పి చూసుకోవాలి. 1963లో అచ్చయిన ఆయన పుస్తకం పోట్లాట అనే స్వభావం గురించి, అది మొదలయ్యేది ఈ పగడపు చేపలతోనే. ఫ్లోరిడా దగ్గర సముద్రంలో ఈదుతూ చూశాడు, తరవాత తొట్లలో పెట్టి చూశాడు. ఆయన గమనించింది ఇది: దిబ్బ మీద చేప పక్క జాతి చేపని పెద్దగా పట్టించుకోదు, తన జాతి చేపనే తరుముతుంది. ఎందుకంటే తన తిండి తినేది, తన గూడు కోరేది, తన జోడీని ఆశించేది తన జాతిదే. ఆ రంగులన్నీ పోస్టర్లని ఆయన వాదన. దూరం నుంచే “ఇది నా చోటు, నాలాంటివాళ్లు రావద్దు” అని చెప్పడానికి.

తన జాతినే తరుముతుందన్నది ప్రతిచోటా నిజం కాదు, ఇక్కడ డొమినో తరిమేది క్రోమిస్‌ని. రంగుల వాదన కూడా పూర్తిగా నిలవలేదు. రంగులు దాక్కోవడానికి పనికొస్తాయి, జోడీకి పనికొస్తాయి, పైగా మనకి కనిపించే రంగులూ వాటికి కనిపించే రంగులూ ఒకటి కావు. మన కంటికి అచ్చం ఒకేలా ఉండే రెండు పసుపుపచ్చ డామ్సెల్ జాతులున్నాయి. వాటి ముఖాల మీద అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే గీతలుంటాయి, వాటిని చూసే తన జాతిదెవరో పరాయిదెవరో పోల్చుకుంటాయని 2010లో ఆస్ట్రేలియాలో పనిచేసినవాళ్లు తేల్చారు. కానీ లోరెంజ్ చెప్పిన ఇంకో సంగతి నిలిచింది. సముద్రంలో తరుముడు చాలా తొందరగా అయిపోతుంది. ఓడింది హద్దు దాటి పోతుంది, గెలిచింది ఇంటికి తిరిగొస్తుంది. ఎవరూ చావరు. తొట్టిలోనే చస్తారు.

మన వీధి కుక్క పరాయి కుక్కని ఎంత దూరం తరుముతుందో చూశారా? కచ్చితంగా వీధి చివరి కరెంటు స్తంభం దాకా. అక్కడ ఆగి రెండు మొరుగులు మొరిగి వెనక్కి వస్తుంది. అవతలి కుక్క కూడా స్తంభం దాటాక పరుగు ఆపి మామూలుగా నడుస్తుంది. పగడపు దిబ్బ మీద జరిగేదీ ఇదే. తొట్టిలో స్తంభం ఉంది, దాని అవతల వీధి లేదు. ఓడినవాడు పారిపోవాల్సిన చోట గాజు ఉంది. గెలిచినవాడికేమో శత్రువు ఇంకా కళ్లెదుటే ఉన్నాడు, కాబట్టి గెలిచానన్న సంగతి వాడికి తెలియదు. మళ్లీ తరుముతాడు. ఆ డొమినో దుర్మార్గురాలని అన్నయ్య తిడుతుంటాడు గానీ, నాకైతే అది ముగింపు దొరకని పనిలో ఇరుక్కుపోయిందనిపిస్తుంది.

చోటు చిన్నదని కాదు ఇబ్బంది. ఈ చేపల అసలు ఇల్లు మన ఊహకంటే చాలా చిన్నది. కొన్ని డామ్సెల్ చేపలు ఒక బల్లంత మేర రాతిని పట్టుకుని ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. అక్కడ సేద్యం చేస్తాయి కూడా. ఇది మాటవరసకి అన్నది కాదు. ఒకినావా తీరంలో ఒక జాతి చేప తన రాతి మీద ఒకే రకం నాచుని పెంచుతుంది. వేరే రకం మొలిస్తే నోటితో పీకి, హద్దు అవతలకి మోసుకెళ్లి ఉమ్మేస్తుంది. కలుపు తీత! ఆ నాచు మేయడానికి వచ్చే చేపల్ని, ముళ్ల బంతుల్లాంటి సీ అర్చిన్లని, చివరికి మునిగి చూసే మనుషుల వేళ్లనీ పొడుస్తుంది. బెలీజ్ దేశపు తీరంలో ఇంకో జాతి తన తోటలో చిన్న చిన్న రొయ్యల మందని కాపాడుకుంటుంది, వాటి పెంట నాచుకి ఎరువవుతుంది. 2020లో ఈ సంగతి బయటపెట్టినవాళ్లు దాన్ని పశుపోషణతోనే పోల్చారు. పశ్చిమ గోదావరిలో పుట్టినవాడికి ఇందులో అర్థం కానిదేముంది? మడి ఉంది, కలుపు ఉంది, ఎరువు ఉంది, గట్టు తగాదా ఉంది.

రాత్రి పూట ఇంకో ముచ్చట. చీకటి పడగానే చిన్న చేపలు కొమ్మల పగడాల సందుల్లోకి దూరి పడుకుంటాయి. పడుకుంటాయన్నానే గానీ రెక్కలు ఆడుతూనే ఉంటాయి. అదేం అలవాటని ఎర్ర సముద్రంలో కొలిచి చూశారు. రాత్రి పగడం గుబురు లోపల ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది, నీళ్లు కదలవు. చేప నిద్రలో రెక్కలు ఆడించడం వల్ల నీళ్లు కదిలి పగడానికి ఊపిరి అందుతుంది. 2004లో ఇది అచ్చయింది. అద్దె ఎలా కడుతోందో చూశారా! డొమినోకి దగ్గరి చుట్టమే ఆ చేప.

ఇల్లు ఇంత చిన్నది, అయితే ఆ ఇంటికి చేరిన దారి మాత్రం చాలా పొడుగు. గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల దిబ్బ మీద ఉండదు. కంటికి ఆనని ఆ పిల్ల నడిసముద్రంలోకి కొట్టుకుపోయి, రోజులో వారాలో అక్కడ తేలుతూ పెరిగి, తరవాత ఏదో ఒక దిబ్బకి వచ్చి దిగుతుంది. అందరూ ఎటో పోతారనే అనుకున్నారు. ఆస్ట్రేలియాలో లిజార్డ్ దీవి దగ్గర కోటి గుడ్లకి గుర్తు పెట్టి వదిలి, తరవాత దిబ్బ మీద దిగిన పిల్లల్లో అయిదు వేలు పట్టి చూశారు. పదిహేనింటికి గుర్తు ఉంది. పదిహేనేనా అనిపిస్తుంది గానీ, గుర్తు పెట్టింది మొత్తం గుడ్లలో చాలా చిన్న వంతుకే. ఆ లెక్కన చూస్తే పుట్టిన చోటికే తిరిగొచ్చినవి నూటికి 15 నుంచి 60 దాకా ఉండొచ్చని 1999లో రాశారు. అంటే ఊరొదిలి సముద్రం తిరిగొచ్చి మళ్లీ సొంత వీధిలోనే దిగాయి.

తొట్టిలో ఈ చేపల పిల్లల్ని పెంచడం అందుకే అంత కష్టమైంది. నెమో బొమ్మతో 2003 నుంచి పిల్లలందరికీ తెలిసిన క్లౌన్ చేప కొంత నయం. దాని పిల్ల పుట్టేసరికే కాస్త పెద్దది, రెండు వారాల లోపే స్థిరపడుతుంది. మన దేశంలో మండపం, విళింజం కేంద్రాల్లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) శాస్త్రవేత్తలు దాన్ని తొట్లలోనే పొదిగించి పెంచారు, కొన్ని డామ్సెల్ జాతుల్ని కూడా. డామ్సెల్ పిల్ల నోరు మరీ చిన్నది, ఆ నోట్లో పట్టే మేత తయారు చెయ్యడమే పెద్ద పని. నెమో సినిమాలో నీలం రంగు డోరీ ఉందే, దాన్ని మొట్టమొదట తొట్టిలో పొదిగించి పెంచగలిగింది 2016లో, ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో. సినిమా వచ్చిన పదమూడేళ్లకి. ఈలోగా ప్రపంచమంతా పిల్లలు అడిగిన డోరీలన్నీ సముద్రంలో పట్టి తెచ్చినవే. ఇప్పటికీ ఉప్పునీటి తొట్లలో ఎక్కువ జాతులు అలా వచ్చినవే. కొన్ని దేశాల్లో సయనైడ్ చల్లి మత్తెక్కించి పట్టిన చరిత్ర కూడా ఉంది. తొట్టి పెట్టేవాళ్లని తిట్టాలని కాదు. కొనేటప్పుడు “ఇది పెంచిన చేపా, పట్టిన చేపా?” అని ఒక్క మాట అడిగితే చాలు, షాపువాడు కూడా రెండోసారికి నేర్చుకుంటాడు.

మన కోస్తాకి ఈ దిబ్బలు లేవు. లక్షదీవులకీ అండమాన్‌కీ మన్నార్ సింధుశాఖకీ ఉన్నాయి. మనకి గోదావరి, కృష్ణ ఉన్నాయి. పగడానికి తేట నీళ్లు కావాలి, ఇక్కడ ఏటా వరదతో మంచినీళ్లు, వండు వచ్చి పడతాయి. పగడాన్ని రానివ్వని ఆ వండే రెండు డెల్టాలనీ కట్టింది. ఆ రెండు డెల్టాలూ అటూ ఇటూ పెరిగితే మధ్యలో పల్లంగా మిగిలిపోయింది కొల్లేరు.

కొల్లేరు చేపల్లో ఇంత రంగు లేదు. పరిగ, జెల్ల, మట్టగిడస, ఇంగిలాయి, కొర్రమీను, వాలుగ. వెన్నుముల్లు బయటికి కనిపించేంత పారదర్శకమైన చిన్న చేప ఒకటి ఉంటుంది, పరిగలతో కలిసి ఎండుచేపల కుప్పలో పోతుంది. అదే జాతిని ఆసియాలోని కొన్ని దేశాల్లో సూదితో ఒంట్లోకి రంగు ఎక్కించి, గులాబీ చారలతో, ఆకుపచ్చ చారలతో అక్వేరియం షాపులకి అమ్మారు. కొన్నాళ్లకి రంగు పోయేది, చాలావాటికి అంతకుముందే ప్రాణం పోయేది. రంగు లేని చేపకి తొట్టిలో విలువ లేదని ఇంతకంటే గట్టిగా ఎవరూ చెప్పలేరు.

రంగు లేకపోయినా కొల్లేటి చేపకి దారులున్నాయి. తొలకరికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వాగులు దిగేసరికి చేప ఎదురెక్కుతుంది. కాలవల్లోకి, బోదెల్లోకి, అక్కణ్ణుంచి వరిచేలల్లోకి. మట్టగిడస అయితే నీళ్లు లేని చోట తడి గడ్డి మీద పాకి పక్క గుంటలో పడుతుంది, గాలి పీల్చగలదు కాబట్టి దానికి భయం లేదు. మడుల గండ్ల దగ్గర మావులు పెట్టినవాళ్లకి ఆ నాలుగు రోజులూ పండగే. ఎండలకి సరస్సు ముడుచుకుంటే చేప లోపలికి దిగుతుంది, లేదా ఉప్పుటేరు మీదుగా సముద్రం వైపు పోతుంది. సరస్సుకి ఒక కొలత అంటూ ఉండేది కాదు. అందుకే లెక్కల్లో కూడా కొల్లేరు రెండు మూడు సైజుల్లో కనిపిస్తుంది: 1999లో అభయారణ్యంగా ప్రకటించినప్పుడు +5 కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు) దాకా 308 చదరపు కిలోమీటర్లు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరినప్పుడు 901.

తరవాత గట్లు లేచాయి. కైకలూరు నుంచి ఆకివీడు వైపు వెళ్తుంటే రెండు పక్కలా గట్టు, నీళ్లు, గట్టు, నీళ్లు. ఈ చెరువుల్లో కొట్లాటలు లేవు. మనవాళ్లు తెలివిగా కొట్లాడని చేపల్నే ఏరుకున్నారు: బొచ్చె పైనీళ్లలో తింటుంది, శీలావతి మధ్యలో, ఎర్రమోసు అడుగున. ఒకదాని కంచంలో ఇంకొకటి చెయ్యి పెట్టదు. ఇప్పుడు చాలా చోట్ల శీలావతే ఎక్కువ, మధ్యలో ఫంగస్, రూప్‌చంద్ వచ్చాయి గానీ సూత్రం అదే. మేత బస్తాలు, ఏరేటర్లు, ఐసు, లారీ. ఆ లారీ మీద బతికే ఇళ్లు ఎన్ని వేలున్నాయో ఆ ఊళ్లలో తిరిగితే తెలుస్తుంది, కాబట్టి ఏలూరులో ఫ్యాను కింద కూర్చుని గట్లన్నీ తప్పని రాసెయ్యడం నాకు చేతకాదు.

అయితే ఈ చేప కూడా ఒకటి వదులుకుంది. బొచ్చె, శీలావతి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వానాకాలం వరద, ప్రవాహం ఉంటేనే పెడతాయి. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు కలిసి పిట్యూటరీ గ్రంథి రసం సూదితో ఎక్కించి ఈ కోవ చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ రోజునే ఇప్పటికీ చేపల రైతుల దినంగా జరుపుతారు. ఆ సూది లేకపోతే కొల్లేటి చెరువులకి సీడ్ లేదు. హేచరీల్లో ఇప్పుడు సూది వేశాక గుండ్రటి తొట్లలో నీళ్లు తిప్పుతారు. చేప ఏరు వచ్చిందనుకుంటుంది.

గట్లు చేపకే కాదు, నీటికీ అడ్డం. 2005-06లో పెద్ద ఎత్తున కొట్టేశారు, మళ్లీ లేచాయి. 2008లో అభయారణ్యం హద్దుని +5 నుంచి +3కి తగ్గించమని శాసనసభ తీర్మానించింది. ఆ వాదన ఇంకా నడుస్తోంది. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు చివరికి దిగాల్సింది కొల్లేట్లోకే, అక్కణ్ణుంచి బయటికి పోవాల్సింది ఒక్క ఉప్పుటేరు గుండానే. వచ్చే దారులు ఎన్నో, పోయే దారి ఒకటి. లంక ఊళ్లలో నీళ్లు రోడ్డెక్కితే ఎన్నాళ్లకి దిగుతాయని అడగండి, వాళ్లు ఉప్పుటేరు పరిస్థితి ఏమిటని ఎదురడుగుతారు.

మొన్న కైకలూరు దగ్గర మా బాబాయి చెరువు గట్టు మీద మేత బస్తాల పక్కన కూర్చుని, ఫోన్లో అన్నయ్య తొట్టి వీడియో చూపించాను. ముప్ఫయ్యేళ్లుగా చేపల చెరువులు చేస్తున్న మనిషి. రంగులు చూసి మురిసిపోతాడనుకున్నాను. కళ్లజోడు పెట్టుకుని, రెండోసారి కూడా చూసి,

“తూమెక్కడ్రా?” అన్నాడు.

తూము లేదు బాబాయ్, కింద ఇంకో తొట్టి ఉంటుంది, పైనించి నీళ్లు దాన్లోకి దిగుతాయి, వడపోత అయ్యాక మోటారు మళ్లీ పైకి తోడుతుంది, అన్నాను.

“అంటే అయ్యే నీళ్లు.”

“అయ్యే నీళ్లు.”

డొమినో వచ్చి క్రోమిస్‌ని సందులోకి తోసే చోటు చూసి వీడియో ఆపించాడు. “దీన్ని తీసి వేరే దాంట్లో వెయ్యమను. లేదంటే రాళ్లన్నీ ఓసారి పీకి వేరేగా పేర్చమను, ఎవడి చోటు ఎక్కడో మర్చిపోతాయి” అన్నాడు. ఆయన జన్మలో పగడపు చేపని చూడలేదు. ఉప్పునీటి తొట్లవాళ్లు చేసే వైద్యం కూడా సరిగ్గా అదే. అన్నయ్యకి చెబుతానన్నాను.

“ఇంతకీ ఆ ఉప్పు ఎంత?”

ఒక్క నింపుడుకి తొమ్మిది కిలోలనీ, కిలో ఎంతనీ చెప్పాను. బాబాయి కళ్లజోడు తీసి, చెరువు అవతల ఉప్పుటేరు పారే వైపు చెయ్యి చూపించాడు. “ఎండాకాలం అటునించి ఉప్పునీళ్లు ఎగదన్నుకొస్తుంటే ఎలా ఆపాలో తెలీక మేం చస్తున్నాం. మీరు డబ్బిచ్చి కొనుక్కొచ్చి కలుపుకుంటున్నారా! ఈసారి వాణ్ణి రెండు డ్రమ్ములు తీసుకుని ఇటు రమ్మను, ఎంత కావాలంటే అంత తోడుకుపోవచ్చు” అని, మేత బస్తా విప్పడానికి లేచాడు.